అపెండిక్స్ కాదు

పోయినేడు సెమిస్టర్ మొదలైన మూడు వారాలకి కాలేజీకి వచ్చాను. అడిగిన వాళ్ళందరికీ "అపెండిక్స్ ఆపరేషన్ అయింది" అని చెప్పాను. అపెండిక్స్ చాలా మర్యాదగల అవయవం. దాని పేరు చెప్తే ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు, "అయ్యో, ఇప్పుడు బానే ఉందా?" అని వెళ్ళిపోతారు.

నాకు అయింది రొమ్ముల సైజు తగ్గించే ఆపరేషన్. పేరు లేకుండా వేస్తామని ఎడిటర్ మాట ఇచ్చాకే ఇది రాస్తున్నాను.

రాయడానికి కారణం మా హాస్టల్లో ఒక జూనియర్. ఎండాకాలంలో కూడా రెండు బ్రాలు ఒకదాని మీద ఒకటి వేసుకుంటుంది. బ్యాగు ఎప్పుడూ ముందుకే తగిలించుకుంటుంది. ఒక రాత్రి బట్టలారేసే చోట నన్ను పట్టుకుని, చుట్టూ చూసి, "అక్కా, మీది అపెండిక్స్ కాదు కదా?" అంది. ఆ రాత్రి రెండింటిదాకా మెట్ల మీద కూర్చుని చెప్పాను. తర్వాత అనిపించింది, ఇలా అడగలేని వాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో అని. అబ్బాయిలు కూడా చదవండి. మీ అక్కచెల్లెళ్ళకి పనికొస్తుంది. పైగా మీలో కొంతమందికి ఛాతీ పెరిగే సమస్య ఉంటుంది, దానికి గైనకోమాస్టియా అని పేరు, దానికీ ఆపరేషన్ ఉంది. ఏడో శతాబ్దపు గ్రీకు వైద్యుడు పౌలస్ ఆ ఆపరేషన్ గురించి రాసిపెట్టాడు. కాబట్టి కొత్త వింతేం కాదు.

నా సంగతి ఎనిమిదో తరగతిలో మొదలైంది. అప్పటిదాకా కబడ్డీ ఆడేదాన్ని, మానేశాను. ఇంటర్‌కొచ్చేసరికి భుజాల మీద బ్రా పట్టీలు కోసుకుపోయి గాడులు పడ్డాయి. అవి ఇప్పటికీ పూర్తిగా పోలేదు. రొమ్ముల కింద చర్మం చర్మాన్ని ఒరుసుకుని, చెమట పట్టి, ఎర్రగా పాచిపోయేది. మా వైపు మే నెల ఎండలు తెలుసుగా, పౌడరు డబ్బాలు డబ్బాలు అయిపోయేవి. మెడనొప్పికి ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్తే "కూర్చునే పద్ధతి బాగా లేదు" అన్నారు. ఇంట్లో అమ్మ "ఆ గూని నడకేంటే, నిటారుగా నడువు" అనేది. నిటారుగా నడిస్తే "చున్నీ సరిగ్గా వేసుకో" అనేది. రెండూ ఒకే అమ్మ, ఒకే రోజు.

"బరువు తగ్గు, అవే తగ్గుతాయి" అనేది అందరూ ఇచ్చే సలహా. ఆరు కేజీలు తగ్గాను. మొహం పీక్కుపోయింది, నడుము తగ్గింది, అవి మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి. రొమ్ములో కొవ్వుతో పాటు గ్రంథుల కణజాలం కూడా ఉంటుంది. ఏది ఎంత అనేది ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది. కొవ్వు ఎక్కువున్న వాళ్ళకి బరువు తగ్గితే కొంత తేడా తెలుస్తుంది. గ్రంథి ఎక్కువున్న నాలాంటి వాళ్ళకి ఎంత పరిగెత్తినా పెద్దగా తేడా రాదు. అసలు పరిగెత్తడమే కష్టం కదా, అది వేరే సంగతి.

మన భాషలో ఒక లెక్క చెప్తాను, ఫస్టియర్ మెకానిక్స్ గుర్తు తెచ్చుకోండి. నాకు ఆపరేషన్‌లో తీసేసింది కుడివైపు 640 గ్రాములు, ఎడమవైపు 590. మొత్తం 1.23 కేజీలు. అది వెన్నెముకకి ఓ 20 సెంటీమీటర్లు ముందు వేలాడుతోందనుకోండి. దాన్ని నిలబెట్టాల్సిన వీపు కండరాలు వెన్నుకి 5 సెంటీమీటర్ల వెనకే ఉంటాయి. మూమెంట్లు సమానం చేస్తే ఆ కండరాలు దాదాపు ఐదు కేజీల బరువుకి సమానంగా లాగుతూ ఉండాలి. నిద్ర లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా. ముందుకి వంగితే ఇంకా ఎక్కువ. ఎముకల డాక్టరు చెప్పిన "కూర్చునే పద్ధతి" నాకు ఊరికే రాలేదన్నమాట.

ఈ ఆపరేషన్ ఒకటుందని నాకు తెలిసింది టెన్నిస్ వల్ల. రొమేనియా ప్లేయర్ సిమోనా హాలెప్ 17 ఏళ్ళ వయసులో, 2009లో, ఇది చేయించుకుంది. ఆట కోసం. తర్వాత 2018లో ఫ్రెంచ్ ఓపెన్, 2019లో వింబుల్డన్ గెలిచింది. అది చదివిన రోజు అమ్మకి ఫోన్ చూపించాను. అమ్మ చాలాసేపు చూసి, "ఆ పిల్లకి పెళ్ళయిందా?" అంది.

ఎక్కడికి వెళ్ళాలో మాకు తెలియలేదు. వెళ్ళాల్సింది ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి. ప్లాస్టిక్ అంటే బకెట్ల ప్లాస్టిక్ కాదు, మలచడం అనే అర్థమున్న గ్రీకు మాట అది. మన దేశంలో ఎంబీబీఎస్, తర్వాత జనరల్ సర్జరీలో ఎంఎస్, ఆ తర్వాత ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ చేసినవాళ్ళు, లేదా దానికి సమానమైన డీఎన్‌బీ ఉన్నవాళ్ళు చేయాల్సిన పని ఇది. బోర్డు మీద "కాస్మెటిక్ సెంటర్" అని మెరుస్తుంటే సరిపోదు, పేరు పక్కన ఆ అక్షరాలు చూడండి. ఉస్మానియా, నిమ్స్, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి, ముందు అక్కడ అడిగి చూడొచ్చు. మేము విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్ళాం.

మొదటిసారి వెళ్ళినప్పుడు పైబట్టలు తీయాలి. దీనికి భయపడే జూనియర్ ఆగిపోయింది కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తున్నాను. గదిలో అమ్మ ఉంది, నర్సు ఉంది. డాక్టరు టేపు పెట్టి మెడ కింద గుంట నుంచి చనుమొన దాకా ఎంత దూరమో కొలిచి రాసుకున్నారు. మొహం పడకుండా ఫోటోలు తీశారు, ముందు సంతకం అడిగి. అంతా పది నిమిషాలు. మా టైలరాంటీ ఇంతకంటే ఎక్కువ సిగ్గుపెడుతుంది.

ప్రశ్నలు చాలా అడిగారు. సైజు మారకుండా ఎన్నాళ్ళయింది (నాకు రెండేళ్ళు; ఇంకా పెరుగుతుంటే మామూలుగా ఆగమంటారు), ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా, సిగరెట్ అలవాటుందా. అమ్మ పక్కనుందని సిగరెట్ సంగతి దాచొద్దు. నికోటిన్ రక్తనాళాల్ని బిగించేస్తుంది, కుట్లు మానవు, చర్మం చచ్చిపోవచ్చు. చాలామంది సర్జన్లు కనీసం నెల ముందు మానేస్తేనే చేస్తామంటారు. రక్తం పలచబడే మందులు, ఆస్పిరిన్ లాంటివి, ఆయుర్వేదం పేరుతో వాడే పొడులు, అన్నీ చెప్పాలి. అల్ట్రాసౌండ్ తీయించారు, గడ్డలేమైనా ఉన్నాయేమో చూడటానికి.

నేను "ఫలానా కప్ సైజు కావాలి" అన్నాను. ఆయన నవ్వి, "సైజు మాట ఇవ్వనమ్మా, నీ ఒళ్ళుకి తగ్గట్టు తగ్గిస్తాను. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా కూడా రావు" అన్నారు. అలా ముందే చెప్పిన డాక్టరు దొరకడం నా అదృష్టం.

అప్పుడు అమ్మ అడిగింది, దార్లో బస్సులో మూడు గంటలు మనసులో మోసిన ప్రశ్న. "రేపు పెళ్ళయి పిల్లలు పుడితే పాలు పడతాయా డాక్టరుగారూ?"

ఆయన పడతాయనీ అనలేదు, పడవనీ అనలేదు. చాలామంది ఇవ్వగలుగుతారు, కొంతమందికి చాలినన్ని రావు, కొంతమందికి అసలు రావు, నీ కూతురు ఏ కోవలోకి వస్తుందో ఇప్పుడే చెప్పలేను అన్నారు. తెలుసుకునే మార్గం లేకుండానే ఒప్పుకోవాలి. అమ్మ ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. నాకు ఇరవై ఏళ్ళు. పుట్టని బిడ్డ పాలకీ, రోజూ ఉన్న మెడనొప్పికీ తూకం వెయ్యమంటే ఎలా? రెండు నెలలు ఆగాం. చివరికి ఒప్పించింది నేను కాదు, అమ్మమ్మ. "నాక్కూడా ఇట్టానే ఉండేయి. నాటేత్తే నడుం ఇరిగిపోయేది. ఎవురికి చెప్పుకున్నా?" అంది. అమ్మకి కూడా ఆ సంగతి అదే మొదటిసారి వినడం.

ఆపరేషన్ ఎలా చేస్తారనేది ఇంజనీర్లకి నచ్చుతుంది. ఎక్కువున్న మాంసం కోసి, పారేసి, కుట్టేస్తారు అనుకునేదాన్ని. అసలు చిక్కంతా చనుమొనతోనే. దాన్ని పైకి జరపాలి, కానీ కోసి తీసి పెడితే రక్తం అందదు, స్పర్శా పోతుంది. అందుకని రక్తనాళాలూ నరాలూ ఉన్న కొంత కణజాలాన్ని కాడలా దానికి అంటిపెట్టే ఉంచి, చుట్టూ ఉన్నది తీసేసి, కాడతో సహా పైకి జరిపి కుడతారు. ఆ కాడని పెడికిల్ అంటారు. చర్మాన్ని కాడతో సహా తిప్పి అతికించే ఆలోచన మనకి సుశ్రుతుడి కాలం నుంచీ ఉంది, ఆయన ముక్కుకి చేశాడు. మరీ పెద్దవైతే మాత్రం కొన్నిసార్లు చనుమొనని పూర్తిగా తీసి మళ్ళీ అతికించాల్సి వస్తుంది. అప్పుడు పాల ఆశ వదులుకోవాలి.

కోత ఆకారాలు కూడా రకరకాలు. చనుమొన చుట్టూ గుండ్రంగా, అక్కడి నుంచి నిలువుగా కిందికి వస్తే ఒక రకం. దానికి తోడు రొమ్ము కింద మడతలో అడ్డంగా కూడా ఉంటే తలకిందుల టీ లాగా, పడవ లంగరులాగా కనపడుతుంది. నాది ఈ రెండో రకం. ఈ కోతకి వాడే నమూనాని 1956లో రాబర్ట్ వైజ్ అనే సర్జన్ ప్రచురించాడు. దానికి ఆధారం బ్రాలు కుట్టే ప్యాటర్న్! బల్లపరుపు బట్టని గుండ్రంగా ఎలా తేవాలో దర్జీలకి తెలుసు, ఆయన వాళ్ళ దగ్గర తీసుకున్నాడు.

జూన్ చివర్లో చేశారు. ఆ ఉదయం నన్ను నిలబెట్టి పెన్నుతో గీతలు గీశారు, ఎందుకంటే పడుకుంటే ఆకారం మారిపోతుంది. ముందు రాత్రి నుంచి ఏమీ తినలేదు. పూర్తి మత్తు ఇస్తారు. థియేటర్ చలి, పైన లైటు, ఎవరో "ఏ బ్రాంచమ్మా?" అని అడిగారు, "ఈసీఈ" అన్నానో లేదో నాకు గుర్తు లేదు. మూడున్నర గంటలు పట్టిందట.

మెలకువ వచ్చేసరికి దాహం, వాంతి వచ్చేలా ఉంది. నొప్పి గురించి అందరూ అడుగుతారు. కత్తితో పొడిచినట్టు ఉండదు. ఒంటికి రెండు సైజులు చిన్న జాకెట్టు తొడిగి ఎవరో గట్టిగా లాగుతున్నట్టుంటుంది. మొదటి రెండు రోజులు ఎక్కువ, మందులతో ఆగుతుంది. రెండు పక్కలా సన్నని గొట్టాలు, వాటి చివర చిన్న డబ్బాలు, అందులోకి రక్తం కలిసిన నీరు దిగుతుంటుంది. వాటిని డ్రెయిన్లు అంటారు. అందరికీ పెట్టరు, నాకు పెట్టారు, రెండో రోజు తీసేశారు. తీసేటప్పుడు ఒక్క క్షణం ఒళ్ళు జలదరిస్తుంది. ఆ సాయంత్రమే లేపి నడిపించారు, కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా.

ఇంటికి ముందు గుండీలుండే నైటీలు తీసుకెళ్ళండి, మూడు నాలుగైనా. తల మీంచి తొడిగేవి వారాలపాటు వద్దు, చేతులు పైకి లేవవు. జడ వేసుకోలేరు. అమ్మ రోజూ రెండు జడలేసి రిబ్బను కట్టేది, ఇరవై ఏళ్ళ దానికి. వెల్లకిలా, వీపు కింద దిండ్లు పెట్టుకుని పడుకోవాలి. రాత్రీ పగలూ గట్టి సర్జికల్ బ్రా. బరువులు ఎత్తకూడదు. ఇంటికెళ్ళేటప్పుడు కారులో సీటు బెల్టుకీ నాకూ మధ్య ఓ మెత్తటి దిండు పెట్టుకున్నాను, అయినా మా ఊరి రోడ్డు మీద ప్రతి గుంతా లెక్క తెలిసింది.

అసలు యుద్ధం మాత్రం పత్యం దగ్గర జరిగింది. "పప్పు తింటే చీము పడుద్ది. గుడ్డు వద్దు. వంకాయ అసలొద్దు" అని అమ్మమ్మ. కారప్పొడి, నెయ్యి, చారన్నం, మళ్ళీ చారన్నం. గాయం మానాలంటే ప్రొటీను కావాలి, పప్పూ గుడ్డే కావాలి. పప్పుతో చీము పట్టదు, సూక్ష్మజీవులతో పడుతుంది. నేను చెప్తే వినలేదు. మొదటి చెకప్‌కి అమ్మమ్మని కూడా తీసుకెళ్ళి డాక్టరుగారి చేతే చెప్పించాం. ఆవిడ ఆయన ముందు తలూపి, బయటికొచ్చి "ఆయనకేం తెలుసు" అంది. కానీ మర్నాటి నుంచి పెసరపప్పు వచ్చింది. కందిపప్పుకి ఇంకో పదిరోజులు పట్టింది.

ఐదో రోజు కారణం లేకుండా ఏడ్చాను. అద్దంలో చూసుకుంటే వాచి, కమిలి, చతురస్రంగా, మెడ దగ్గరికి ఎక్కినట్టున్నాయి. ఇదా నేను కోరుకున్నది అనిపించింది. ఇది ఎవరూ ముందు చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను: అప్పుడు చూసిన ఆకారం చివరి ఆకారం కాదు. వాపు దిగి, కిందికి సర్దుకుని, గుండ్రంగా రావడానికి నెలలు పడుతుంది. మధ్యలో దురద, ఉన్నట్టుండి కరెంటు షాకులాంటి జివ్వుమనే నొప్పులు. నరాలు మళ్ళీ మేలుకుంటుంటే అలా ఉంటుందట.

పన్నెండో రోజు రాత్రి పదకొండింటికి ఎడమవైపు బ్రాకి తడి అంటింది. చూస్తే టీ ఆకారంలో నిలువు గీత, అడ్డ గీత కలిసే చోట కుట్టు విడి, రూపాయి బిళ్ళంత గాయం తెరుచుకుంది. అమ్మ చెయ్యి వణుకుతూ డాక్టరుకి ఫోటో పంపింది. లాగుడంతా వచ్చి పడేది ఆ మూల మీదే, ఎక్కువగా విడేదీ అక్కడే. మన భాషలో స్ట్రెస్ కాన్సంట్రేషన్. మళ్ళీ కుట్టలేదు, రోజూ డ్రెస్సింగ్ చేస్తూ దానంతటదే పూడనిచ్చారు. మూడు వారాలు. నేను కాలేజీకి ఆలస్యం అయింది అందుకే.

అది భయపడాల్సింది కాదు, కానీ భయపడాల్సినవి ఉన్నాయి. ఒకవైపే గబగబా వాచి గట్టిపడితే లోపల రక్తం చేరుతోందన్నమాట. జ్వరం, ఎరుపు పాకడం, చెడు వాసన, చనుమొన నల్లబారడం, పిక్కలో నొప్పి, ఆయాసం: వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు.

తీసేసిన కణజాలాన్ని పరీక్షకి పంపుతారు, మామూలుగానే. అది మామూలే అని తెలిసినా రిపోర్టు వచ్చేదాకా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. ఏమీ లేదని వచ్చింది.

డబ్బు సంగతి. మాకు అన్నీ కలిపి 1,60,000 దాటింది. నాన్న ఇన్సూరెన్సుకి పెడితే "కాస్మెటిక్" అని ఒక్క మాట రాసి తిప్పి పంపారు. మన పాలసీల్లో అందానికి చేసే సర్జరీకి డబ్బు ఇవ్వరు, నిజమే. కానీ ఆరోగ్యానికి తక్షణ ముప్పు తొలగించే అవసరమైన చికిత్స అని డాక్టరు ధృవీకరిస్తే మినహాయింపు ఉంటుందని అదే నిబంధనలో ఉంది. మెడనొప్పినీ చర్మం పాచిపోవడాన్నీ ఆ ముప్పు కింద ఒప్పించడం తేలిక కాదు. మేము చేసిన తప్పు, పాత ఎముకల డాక్టరు చీటీలు, ఫిజియోథెరపీ బిల్లులు, చర్మం డాక్టరు మందుల చీటీలు పారేసుకోవడం. మీరు పారెయ్యకండి. ఆపరేషన్‌కి ముందే రాతపూర్వకంగా అడగండి. ఇస్తారని మాత్రం నమ్మి అప్పు చెయ్యొద్దు.

ఇప్పుడు తొమ్మిది నెలలు. మెడనొప్పి పోయింది, ఇది మొదటి నెలలోనే తెలిసింది. కింద చర్మం పొడిగా ఉంది. పౌడరు డబ్బా ఏప్రిల్ వస్తే చూడాలి. మచ్చలున్నాయి, ముదురు రంగులో. మన చర్మానికి మచ్చలు నల్లబడటం, లావెక్కడం ఎక్కువే. సిలికాన్ షీట్లు అతికించుకుంటున్నాను. పలచబడటానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది, పూర్తిగా ఎప్పటికీ పోవు. ఎడమ చనుమొనలో స్పర్శ ఇంకా రాలేదు. రాకపోవచ్చు కూడా. అది నేను పోగొట్టుకున్నదే, దాన్ని తక్కువ చేసి చెప్పను. జూనియర్ ఈ మాట విన్నప్పుడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయినా మళ్ళీ చేయించుకుంటారా?" అంది. చేయించుకుంటాను. కానీ అది నా మెడ, నా లెక్క.

బాగా బరువు పెరిగినా, గర్భం వచ్చినా మళ్ళీ పెరగొచ్చు. పెద్దయ్యాక మామోగ్రామ్ తీయించుకునేటప్పుడు ఈ ఆపరేషన్ అయిందని చెప్పాలి, లోపలి మచ్చలు ఫిల్ములో తేడాగా కనపడతాయి కాబట్టి.

మొన్న బాబాయి కూతురి పెళ్ళికి జాకెట్టు కుట్టించడానికి వెళ్ళాం. టైలరాంటీ నోటుపుస్తకంలో పాత కొలతలు తీసి, టేపు పెట్టి, పుస్తకం చూసి, మళ్ళీ టేపు పెట్టింది. "ఏమ్మాయ్, ఇంత చిక్కిపోయావేంటి?" అంది.

నేను నోరు తెరిచేలోపు అమ్మ అందుకుంది. "అపెండిక్స్ ఆపరేషన్ అయిందిలే వదినా."